180 రూపాయల బొమ్మ, నడిరోడ్డు మీద నేను

పది రోజులైంది. ఇప్పటికీ ఎవరైనా నా చేతిసంచి వైపు చూస్తే ఒళ్ళు మండుతోంది. ఆ మంట చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

విజయనగరంలో నాకు జెరాక్స్ షాపు ఉంది. వయసు 52. పాత బొమ్మలు పోగుచేస్తాను. ఈ మాట చెప్పగానే జనం ఒకలాంటి మొహం పెడతారు. మా తోడల్లుడు పదేళ్ళుగా అదే మొహం పెడుతున్నాడు. ఆయన 40 వేలు పోసి ట్రెడ్‌మిల్ కొని దాని మీద బట్టలు ఆరేసుకుంటాడు. దానికి మాత్రం ఎవరూ నవ్వరు.

నేను వెతికేవి ఒకప్పుడు ప్రతి ఇంట్లో టీవీ మీదో షోకేసులోనో ఉండేవే. కీ ఇస్తే తాళాలు కొట్టే కోతి, తలూపే తంజావూరు బొమ్మ, పడుకోబెడితే కళ్ళు మూసుకునే పాప. ఆ పాప బొమ్మతోనే నాకీ పిచ్చి పట్టింది. మా నాన్న ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి. 1983లో సెలవుకి వస్తూ చెల్లికి ఒకటి తెచ్చారు. లేపితే "మా" అని ఏడ్చేది. నాలుగేళ్ళ తర్వాత అమ్మ దాన్ని పాత బట్టలతో కలిపి స్టీలు సామాన్లవాడికి ఇచ్చేసి పాలగిన్నె తీసుకుంది. ఆ గిన్నె ఇంకా ఉంది. రోజూ మా ఇంట్లో పాలు అందులోనే కాగుతాయి.

అలాంటి పాప రాజాంలో ఒక పాత ఇనప సామాన్ల కొట్టులో కనబడింది. కుక్కర్ మూతల కింద నుంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉంది. బేరం గురించి ఎక్కువ చెప్పను. ముందు తుప్పు పట్టిన కుళాయి ఏదైనా పట్టుకుని దాని ధర అడగాలి, బొమ్మ సంగతి ఆఖర్న ఎత్తాలి. ఇన్నేళ్ళ అనుభవం ఉండి కూడా నేను సరాసరి బొమ్మనే పట్టుకున్నాను. అంతవరకూ ప్లాస్టిక్ అంతా కాటా మీద పెట్టి కిలోల్లెక్కన తీసుకునే మనిషి, ఫోన్ తీసి దానికి ఫొటో కొట్టి, నెట్‌లో చూసి, "ఇది వింటేజ్ అండీ, 500" అన్నాడు. ఆ ఫోన్లు వచ్చాక ఈ పని పాడైపోయింది. 180కి తెగింది.

మెడ వెనక ముద్ర ఏమైనా ఉందేమో చూశాను, లేదు. ఉన్నా వెంటనే నమ్మేయకండి. మూడేళ్ళ క్రితం ఒక బార్బీ దొరికింది, వీపు కింద 1966 అని అచ్చు. ఊరంతా చెప్పుకున్నాను, తోడల్లుడికైతే పనిగట్టుకుని ఫోన్ చేశాను. తీరా చూస్తే అది బొమ్మ తయారైన ఏడు కాదు, ఆ ఒంటి అచ్చుకి కంపెనీ హక్కు రాయించుకున్న ఏడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు అదే ముద్రతో బొమ్మలు వస్తూనే ఉన్నాయి. తోడల్లుడికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

సరే, అసలు కథ. కొట్టువాడు బొమ్మని ఒక పాత ఎర్ర జాకెట్టు ముక్కలో చుట్టి ఇచ్చాడు. మా ఆవిడ పచ్చడికి చెప్పిందని పాతిక నిమ్మకాయలు కొని అదే సంచిలో వేశాను. ఆ రోజు అమావాస్యట. క్యాలెండర్ చూసుకుని బొమ్మలు కొంటామా ఎక్కడైనా?

బస్సులో సీటు దొరికింది, సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. చీపురుపల్లి దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర బస్సు ఎగిరిపడింది. సంచిలోంచి "మా...ఆ" అని వినబడింది. ఆ బొమ్మల పొట్టలో బ్యాటరీ ఏమీ ఉండదు. చిన్న గాలితిత్తి, దాని మీద బరువు. బొమ్మ వంగితే బరువు జారి తిత్తి నొక్కుకుని ఏడుస్తుంది. నలభై ఏళ్ళయినా అది పనిచేస్తోందని నాకు పట్టలేని ఆనందం. నా ముందు సీటామె మాత్రం వెనక్కి తిరిగి సంచి వైపు చూసింది.

ఇంకో గొయ్యి. ఇంకో "మా".

"బాబూ, ఆ సంచీలో పసిగుంట గాని ఉందేటి?" అందామె గట్టిగా.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాడినని అనుకున్నారు ముందు. ఆ అనుమానం తీర్చేద్దామని నేనే సంచి తెరిచి, ఎర్రగుడ్డ విప్పి, బొమ్మని పైకెత్తి చూపించాను. నా జన్మలో చేసిన తెలివితక్కువ పనుల్లో అదే మొదటిది. బొమ్మకి జుట్టు మొత్తం ఊడిపోయింది. ఇలాంటి రబ్బరు తలల మీద జుట్టుని కుచ్చులు కుచ్చులుగా కుట్టేస్తారు, ఊడిపోతే తలంతా వరసగా చిల్లులు మిగులుతాయి. నుదుటి మీద ఎవరో పిల్లలు ఎర్ర బాల్‌పెన్నుతో గుండ్రంగా గీసేశారు. ఒక కన్ను మూసుకుని, ఒకటి సగం తెరుచుకుని ఉంది. పైకెత్తేసరికి ఆ సగం కన్ను టక్కున పూర్తిగా తెరుచుకుంది. నాలుగు నిమ్మకాయలు సంచిలోంచి జారి సీట్ల కిందకి దొర్లాయి.

"ఓలమ్మో! సూదులు గుచ్చీసినారు సూడండి! సిల్లంగి బొమ్మ!"

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఆ తర్వాత నా మాట వినేవాళ్ళు లేరు. నా పక్కనున్నాయన లేచి నిలబడ్డాడు. పసిబిడ్డతో ఉన్న ఒకావిడ కొంగు కప్పుకుని వెనక్కి వెళ్ళిపోయింది. కండక్టర్ బెల్లు కొట్టి, "దిగిపోండి సార్, మాకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. టికెట్ డబ్బులు అడిగాను. సిగ్గులేకుండా అడిగాను. ఇవ్వలేదు.

దిగిన ఊరి పేరు రాయను. టీకొట్టు దగ్గర పాతికమంది చుట్టూ చేరారు. మీరిది చదివి నవ్వుకుంటారేమో గాని, నాకు ఆ పూట నవ్వు రాలేదు. చిల్లంగి పెట్టాడన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన వైపు పేపర్లలో చూసినవాణ్ణే. కాళ్ళు వణికాయి. ఎవరో ఫోన్ చేస్తే ఒక కానిస్టేబుల్ బండి మీద వచ్చాడు.

"ఏం చేస్తుంటారు?"

"జెరాక్స్ షాపండీ. ఇది నా కలెక్షన్ కోసం..."

"కలెక్షనా? ఏం కలెక్షన్? చిట్టీలా?"

బొమ్మలండీ అన్నాను. బొమ్మలతో కలెక్షన్ ఎలా చేస్తారన్నాడు. అతను ఆటపట్టించలేదు, నిజంగానే అర్థం కాలేదు. ఆధార్ అడిగాడు, ఫొటో తీసుకున్నాడు. బొమ్మని రెండు వేళ్ళతో కాలు పట్టి తలకిందులుగా ఎత్తాడు. అది మళ్ళీ "మా" అంది. పాతికమందీ ఒక్కడుగు వెనక్కి వేశారు. 52 ఏళ్ళ మనిషిని, నడిరోడ్డు మీద బొమ్మని పడుకోబెట్టి లేపి, పడుకోబెట్టి లేపి, "చూడండి, కళ్ళు మూస్తుంది, చూడండి, తెరుస్తుంది" అని పదిసార్లు ఆడించి చూపించాను. ఒక కుర్రాడు వీడియో తీశాడు. అది ఎవరి ఫోన్లలో తిరుగుతోందో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

చివరికి నన్ను గట్టెక్కించింది మా ఆవిడ. ఫోన్‌లో గత సంక్రాంతి బొమ్మల కొలువు ఫొటో ఉంది. ఏడు మెట్లు, 63 బొమ్మలు, ముందు పట్టుచీరలో హారతి పళ్ళెంతో ఆమె. అది చూశాకే కానిస్టేబుల్ మొహం మెత్తబడింది. "ముందే చెప్పొచ్చు కదండీ కొలువు అని" అన్నాడు. నిజమే. కలెక్షన్ అనే మాట ఇక చస్తే వాడను. మీరూ వాడకండి. కొలువు అనండి, దండం పెట్టి పంపిస్తారు. బొమ్మని కళ్ళు కనబడని అట్టపెట్టెలో పెట్టుకోండి. నిమ్మకాయలు వేరే సంచిలో వేసుకోండి.

ఆ స్టాపులో ఏ ఆటో నన్ను ఎక్కించుకోలేదు. రెండు కిలోమీటర్లు నడిచి వేరే స్టాపులో బస్సెక్కాను.

శుభ్రం చేయడం దీని ముందు ఒక పనే కాదు. ఈ రకం బొమ్మని నీళ్ళలో ముంచకూడదు, కళ్ళ వెనక ఇనప తీగె తుప్పు పడుతుంది, పొట్టలో తిత్తి పాడవుతుంది. తడిగుడ్డతో తుడవాలంతే. నెయిల్ పాలిష్ తుడిచే మందు అసలు ముట్టుకోకండి, ప్లాస్టిక్ కరిగిపోతుంది. బాల్‌పెన్ను మరకకి మాత్రం మొటిమలకి రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ పనిచేస్తుంది. మరక మీద రాసి ఎండలో పెట్టాలి, నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి. బుగ్గల రంగుకీ పెదాలకీ తగలనివ్వకండి, అవీ తెల్లబడతాయి. మెడికల్ షాపు కుర్రాడు నా మొహం వంక రెండుసార్లు చూసి, "ఎవరికండీ?" అన్నాడు. పాపకి అన్నాను. ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మల మీద ఈ ప్రయోగాలు చేయకండి. అవి కర్రవి, పొడిగుడ్డ చాలు.

నుదుటి మీద గీత పోయింది. జుట్టు ఇంకా లేదు, మా చెల్లి సిల్కు దారంతో కుడతానంది. ఫోన్‌లో దాని ఏడుపు వినిపిస్తే చెల్లి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పాలగిన్నె కూడా నాకే ఇచ్చెయ్యి" అంది. ఇవ్వను.

ఇంట్లో ఈ కథంతా చెప్తే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. జనాల మూఢనమ్మకాల మీద నాకంటే ఎక్కువ తిట్లు తిట్టింది. ఆదివారం పచ్చడి సంగతి అడిగితే, "ఆ నిమ్మకాయలా? పక్కింటివాళ్ళకి ఇచ్చేశానండీ" అంది, గిన్నెలో పాలు పొంగుతున్నాయని అటు తిరిగి.