మర్రిగూడ నీళ్ల కథతో పారిస్ దాకా

పారిస్ మెట్రో 12వ లైన్‌లో పోర్త్ ద వెర్సాయ్ స్టేషన్ దగ్గరపడేసరికి బోగీ నిండా మాలాంటివాళ్లే కనిపించారు. టీముకో రంగు హుడీ, వీపున బ్యాగు, చంకలో చుట్టిపెట్టిన బ్యానర్. పైకి రాగానే ఎగ్జిబిషన్ హాళ్లు. ఒలింపిక్స్ టేబుల్ టెన్నిస్ ఇక్కడ జరిగి మూడు నెలలైనా కాలేదు. మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ ప్రీక్వార్టర్స్ దాకా వెళ్లింది ఈ ప్రాంగణంలోనే అని నేను గొప్పగా చెబితే, మా టీములోని కేరళ అబ్బాయి "అయితే సెల్ఫీ దిగాల్సిందే" అన్నాడు. దిగాం.

మేం వచ్చింది ఐజెమ్ గ్రాండ్ జాంబరీకి, 2024 అక్టోబరు 23 నుంచి 26 దాకా. విద్యార్థులు సూక్ష్మజీవుల డీఎన్‌ఏని తిరగరాసి ఏదైనా పనికొచ్చేది తయారుచేసే పోటీ ఇది. 2003 జనవరిలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో చిన్న కోర్సుగా మొదలైంది. మరుసటి ఏడాది పోటీ పెడితే వచ్చినవి 5 టీములు. ఇప్పుడు 400 పైచిలుకు. చాలా ఏళ్లు బోస్టన్‌లో జరిపి, కోవిడ్ తర్వాత 2022 నుంచి పారిస్‌కి మార్చారు. రిజిస్ట్రేషన్ ఫీజే లక్షల్లో ఉంటుంది. స్పాన్సర్ల కోసం తిరిగిన తిరుగుడు, వీసా టెన్షన్ ఇక్కడ రాయను. రాస్తే అదే ఇంకో యాత్ర.

మా ప్రాజెక్టు ఫ్లోరైడ్ మీద. ఫ్లోరైడ్ తగలగానే తెరుచుకునే ఒక ఆర్‌ఎన్‌ఏ మీట ప్రకృతిలోనే ఉంది. బాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా, లోపలికి చేరిన ఫ్లోరైడ్‌ని బయటికి తోసేయడానికి దాన్ని వాడుకుంటుంది. అమెరికాలో కొందరు పరిశోధకులు ఆ మీటకి పసుపు రంగు పుట్టించే ఎంజైమ్‌ని తగిలించి, కోస్టారికాలో నిజమైన నీళ్ల మీద పరీక్షించి చూపించారు కూడా. మేం చేసింది ఆ దారిలోనే. కణాలు లేకుండా వాటి లోపలి సరంజామా మాత్రం తీసి, చిన్న కాగితం ముక్క మీద ఎండబెడతాం. చుక్క నీరు వేసి ఆగితే, ఫ్లోరైడ్ ఉన్నచోట ముందు అంచున లేత పసుపు తేలి, మెల్లగా మధ్యకి పాకుతుంది. మొదటిసారి అది కనబడినప్పుడు ల్యాబులో ఎవరం కుర్చీల్లో లేం.

ఐజెమ్‌లో ల్యాబు పని ఒక్కటే చాలదు. మీరు చేసేది ఎవరికి పనికొస్తుంది, వాళ్లని అడిగారా, వాళ్లు చెప్పింది విని ఏం మార్చారు అని నిలదీస్తారు. దానికే హ్యూమన్ ప్రాక్టీసెస్ అని పేరు. అందుకే జూన్‌లో నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు వెళ్లాం. ఫ్లోరోసిస్, అంటే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంగిపోయే జబ్బు అనగానే రాష్ట్రంలో ఎవరికైనా గుర్తొచ్చే ప్రాంతం అది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా ఉన్న పేరు నల్లగొండ టెక్నిక్. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, బోర్లు అలాగే ఉన్నాయి, వంగిన నడుములూ అలాగే ఉన్నాయి.

హైస్కూల్లో పిల్లలకి డీఎన్‌ఏ గురించి చెప్పి, అరటిపండు నుంచి దాన్ని తీసి చూపించాం. ఉప్పు, డిష్‌వాష్ లిక్విడ్, చల్లటి స్పిరిట్ ఉంటే చాలు, తెల్లటి పోగులు తేలతాయి. పిల్లలకి బాగా నచ్చింది. అసలు పాఠం మాత్రం మాకు బయట అరుగు మీద అయింది. మా కాగితం గురించి ఉత్సాహంగా చెబుతుంటే ఒక పెద్దావిడ మధ్యలోనే ఆపింది. "బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నదని మాకు పుట్టినకాడి నుంచి ఎరుకే బిడ్డా. గా ఫిల్టర్ నీళ్లు మంచిగున్నయా లేవా, అది జెప్తదా మీ కాయితం?"

ఎవరం మాట్లాడలేదు. ఆవిడ అడిగింది అక్షరాలా నిజం. చాలా ఫ్లోరైడ్ ఫిల్టర్లలో ఫ్లోరైడ్‌ని పట్టుకునే యాక్టివేటెడ్ అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) ఉంటుంది. కొంతకాలానికి అది నిండిపోయి పట్టుకోవడం మానేస్తుంది. నీటి రంగు మారదు, రుచిలోనూ పెద్దగా తేడా తెలియదు. అంటే కావలసిన పరీక్ష బోరు దగ్గర కాదు, ఫిల్టర్ కుళాయి దగ్గర. తిరిగొచ్చాక మా మీట ఎంత తక్కువ ఫ్లోరైడ్‌కి తెరుచుకోవాలన్న లెక్కంతా మార్చాం. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. మన ప్రమాణాల్లో 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిదంటారు. ఆ రెంటి మధ్యలో తేడా పట్టాలి.

ఆవిడకి నాలుగు కాగితాలైనా ఇచ్చి వద్దామంటే కుదరదు. జన్యుమార్పు చేసినవి ల్యాబు గడప దాటకూడదన్నది ఐజెమ్ కచ్చితమైన నియమం. నీళ్లనే సీసాల్లో మేం తెచ్చుకోవాలి. నియమం సబబే. అయినా ఊళ్లోవాళ్లకి ఆ మాట చెప్పేటప్పుడు నోరు రాలేదు.

జాంబరీ హాల్లో మా స్టాల్ మధ్య వరసలో వచ్చింది. కాగితాలు తీసుకెళ్లలేదు, పెద్ద ఫోటోలు పెట్టాం. జడ్జీలు మాత్రం ఫోటోలకి లొంగలేదు. నీళ్లలో అల్యూమినియం ఉంటే మీ మీట మోసపోదా అని ఒకాయన అడిగాడు. మంచి ప్రశ్న. అల్యూమినియం ఫ్లోరైడ్‌ని గట్టిగా పట్టేసుకుంటుంది, ఫిల్టర్‌లో ఉన్నదేమో అల్యూమినా. అదృష్టం కొద్దీ మా జూనియర్ ఆ ప్రయోగం చేసి పెట్టింది, గ్రాఫ్ చూపించాం. బంగారు, వెండి, కంచు పతకాలకి ఇక్కడ ఒకరిని ఓడించక్కర్లేదు. షరతులు పూర్తిచేసిన ప్రతి టీముకీ ఇస్తారు. పక్క స్టాల్ వాళ్లు అడిగితే ప్రోటోకాల్ (ప్రయోగం చేసే పద్ధతి) మొత్తం చెప్పేయడానికి ఎవరికీ చేయి వెనకాడకపోవడం బహుశా అందుకే. మన ఎంట్రన్స్ పరీక్షల్లో పెరిగిన మాకు ఇది అలవాటు కావడానికి కాస్త టైం పట్టింది.

చైనా నుంచి హైస్కూలు టీములే లెక్కలేనన్ని. అందులో ఒకమ్మాయి మా పోస్టర్ ముందు చాలాసేపు నిలబడింది. వాళ్ల అమ్మమ్మగారి ఊరు గుయ్‌జో రాష్ట్రంలో కొండల్లో ఉందట. అక్కడా ఫ్లోరోసిస్ ఉంది. "నీళ్ల వల్ల కాదు, మిరపకాయల వల్ల" అంది. నాకు ముందు అర్థం కాలేదు. అక్కడి వానల్లో మొక్కజొన్న, మిరపకాయలు ఎండవు. ఇంట్లోనే పొయ్యి పైన వేలాడదీస్తారు. పొయ్యిలో వేసేది ఫ్లోరైడ్ ఎక్కువున్న బొగ్గు, బంకమట్టితో కలిపిన ఉండలు. పొగగొట్టం ఉండేది కాదు. పొగంతా కాయలకి పట్టి, తిండితో ఒంట్లోకి చేరేది. మిరపకాయ తింటే ఎముకలు వంగిపోతాయని వింటే గుంటూరు అల్లుడైన మా మామయ్య ఏమంటాడో!

"మీ కాగితంతో కారం పొడి పరీక్షించొచ్చా?" అని అడిగిందామె. మా మేడం నా వైపు చూసింది. ఆ ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. ఆ సాయంత్రం మూతపడే టైం దాకా రెండు టీములం నేలమీదే కూర్చుని ప్రోటోకాల్ రాశాం. నీళ్లలో ఎంతసేపు నానబెట్టాలి, ఎలా వడకట్టాలి, పోల్చడానికి ఫ్లోరైడ్ లేని కారం ఎక్కడ దొరుకుతుంది. చివరిదానికి గుంటూరు అని నేనే అన్నాను.

ఆఖరిరోజు ఉదయం నలుగురం వోజిరార్ వీధి పట్టుకుని పాస్చర్ ఇన్‌స్టిట్యూట్ దాకా నడిచాం. నగరంలో అన్నిటికన్నా పొడవైన వీధి అది. రొట్టెల వాసనా సన్నటి చినుకూ వెంటే వచ్చాయి. ఈఫిల్ టవర్ చూడాలనుకున్నవాళ్లు అటు వెళ్లారు. నాకు మాత్రం ఇన్‌స్టిట్యూట్ ఉన్న డాక్టర్ రూ వీధి చూడాలని పట్టుదల. ఆ ఇన్‌స్టిట్యూట్‌లోని అటకలాంటి పైఅంతస్తు ల్యాబులో ఆంద్రే ల్వోఫ్, జాక్ మోనో, ఫ్రాన్స్వా జాకబ్ పనిచేశారు. లాక్టోజ్ దొరికినప్పుడే బాక్టీరియా దాన్ని అరిగించే ఎంజైమ్ ఎందుకు చేస్తుందో మోనో, జాకబ్ కనిపెట్టి, జన్యువులకీ మీటలుంటాయని తేల్చారు. 1965లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. హాల్లో మేం చూసిన ప్రాజెక్టుల్లో సగానికి పైగా ఆ లాక్ (లాక్టోజ్) మీటనే ఏదో రూపంలో వాడుకుంటున్నాయి. గేటు బయట నుంచే చూశాం. సెక్యూరిటీ ఆయన మా హుడీలు చూసి "ఐజెమ్?" అని నవ్వాడు.

మధ్యాహ్నం లా షపెల్ దగ్గర తమిళ హోటల్లో దోశె తిన్నాం. సాంబారు తియ్యగా లేదు, అదే గొప్ప. సాయంత్రం పతకాల్లో మాకు వెండి వచ్చింది. బంగారం రాలేదని జూనియర్లు కాసేపు ముఖాలు మాడ్చుకున్నారు.

ఇప్పుడు వారానికోసారి గుయ్‌జో అమ్మాయి టీముతో వీడియో కాల్. గుంటూరు కారం నానేసిన నీళ్లు వేస్తే కాగితం వెంటనే నారింజ రంగులోకి తిరిగి, మా పసుపుని మింగేస్తోంది. పసుపు ఎంజైమ్ బదులు ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ పెడదామని వాళ్లంటున్నారు. అలా చేస్తే చూడ్డానికి నీలి లైటు కావాలి, ఊళ్లో అది ఎవరి దగ్గర ఉంటుందని మా వాదన. ముందు బొగ్గుపొడితో వడకట్టి రంగు తీసేసి చూద్దామనుకున్నాం. బొగ్గు ఫ్లోరైడ్‌ని కూడా పట్టేసుకుంటుందేమో తేలాలి, ఆ ప్రయోగం వచ్చే సోమవారం.