కంద, పులుపు, ఆవ: ఏది ఎప్పుడు వేయాలి

కంద బచ్చలి కూర గొంతు దురద పెట్టిందనో, చేదెక్కిందనో అనేవారు సాధారణంగా నేరాన్ని కంద మీదికో ఆవాల మీదికో నెడతారు. కంద జాతిని బట్టి దురద కొంత మారే మాట నిజమే కానీ, ఈ కూర మంచి చెడ్డలు చాలావరకు ఏ పదార్థాన్ని ఏ దశలో వేశామన్న దాని మీదే ఆధారపడి ఉంటాయని నా గట్టి నమ్మకం. ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసినా ఇక్కడి తెలుగు ఇళ్లలో కార్తీక మాసపు వంటలో ఆవ పెట్టిన కంద బచ్చలికి ఉన్న పెద్దపీట అలాగే ఉంది కనుక, ఆ కూరనే ఆధారంగా తీసుకుని కొన్ని మెలకువలు రాస్తున్నాను.

కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. చర్మానికీ గొంతుకీ గుచ్చుకుని దురద పుట్టించేవి అవే. అందువల్ల చేతులకు నూనె రాసుకుని, గడ్డను కడిగి పూర్తిగా తుడిచిన తరువాతే తొక్క తీయాలి, ఎందుకంటే తడి చేతులతో తరిగితే దురద ఎక్కువవుతుంది. తరిగిన ముక్కలను చింతపండు నీళ్లలో కాసేపు ఉంచి, ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లలో మెత్తగా ఉడికించాలి. చాలామంది త్వరగా పని తెమలాలని చింతపండు రసాన్ని మొదటే పోసి ఉడికిస్తారు. పులుపు తగిలిన కూరగాయ త్వరగా మెత్తబడదు కనుక ముక్క పైకి ఉడికినట్టు కనిపించినా లోపల గట్టిగానే ఉండిపోతుంది, ఉడకని కంద గొంతులో దురద పెట్టక మానదు. ముక్కను వేళ్లతో నొక్కితే మెదిగిపోయే స్థితికి వచ్చాక బచ్చలి వేసి, అది మగ్గాక చిక్కటి రసం పోయడమే సరైన వరుస. కందిపప్పుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పప్పు మెదిగాకే పులుపు.

ఇక ఆవ సంగతి. ఆవగింజ పొడిగా ఉన్నంతసేపు దానిలో ఘాటు ఉండదు. గింజ నలిగి నీరు తగిలినప్పుడు లోపలి ఎంజైము పనిచేసి ముక్కుపుటాలదిరే ఆ ఘాటును పుట్టిస్తుంది, ఆ ఎంజైము వేడికి చచ్చిపోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకు కమ్మదనమే తప్ప ఘాటు లేకపోవడానికి కారణం ఇదే. అందుచేత ఆవాలను వేడినీళ్లలో నానబెట్టకూడదు. చన్నీళ్లలో నానబెట్టి, రెండు పచ్చిమిరపకాయలూ చిటికెడు ఉప్పూ చేర్చి, సన్నికల్లు మీద నూరుకుంటే అంతకంటే కావలసింది లేదు. మిక్సీయే గతి అయితే ఆపకుండా తిప్పితే ముద్ద వేడెక్కి చేదు తేలుతుంది కనుక ఆగి ఆగి తిప్పుతూ చెంచాడు చెంచాడు చన్నీళ్లు పోయాలి. నూరిన ముద్దకు పది నిమిషాలు మూత పెట్టి ఉంచితే ఘాటు పూర్తిగా విచ్చుకుంటుంది. కూర దించి, గిన్నె మీద చెయ్యి పెట్టగలిగినంత చల్లారాక మాత్రమే దానిని కలపాలి.

మా పొరుగు ఒడియా ఇళ్లలో ఆవాలు, వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి కలిపి నూరిన ముద్దను కూరలోనే వేసి ఉడికిస్తారు. దానినే బెసర అంటారు. అక్కడ ఘాటు తగ్గి, వెల్లుల్లి, జీలకర్రల రుచి ముందుకు వస్తుంది. అది వేరే రుచి, దానికదే గొప్పది. అయితే ఆ పద్ధతిని మన ఆవ కూరకు తెచ్చి, ఘాటు లేదేమని ముద్దను మరింత పెంచుకుంటూ పోతే మాత్రం కూర చేదవుతుంది.

పసుపును నూనెలో ఒక్క క్షణం వేగనిస్తే పచ్చివాసన పోతుంది. మన పక్క జిల్లాది, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కంధమాల్ పసుపు దొరికితే చిటికెడే చాలు, వాసన నిండుగా ఉంటుంది.

ఆవ పెట్టిన కూరను మళ్లీ వేడి చేస్తే ఘాటంతా ఆవిరైపోతుంది. రెండు పూటలకు వండేవారు ఆవ కలపకముందే సగం కూరను వేరు గిన్నెలోకి తీసి ఉంచుకుని, రాత్రికి దానిని వెచ్చబెట్టి, గోరువెచ్చగా దిగాక అప్పటికప్పుడు నూరిన ఆవను కలుపుకోవాలి.