చెనక్కాయల ఊరి నుంచి చెనక్కాయల పరిషెకి

మాది కదిరి పక్కన పల్లె. కార్తీకం వచ్చిందంటే మా వసారా నిండా చెనక్కాయల (వేరుశనగ కాయల) మూటలే, నడిచేకి కూడా సందు ఉండదు. అట్లాంటి ఇంట్లో కూర్చుని మా అమ్మతో "బెంగుళూరులో చెనక్కాయల జాతర జరుగుతుందంట, పోదాం పా" అంటే ఏమంటాది? "ఎవురన్నా చెనక్కాయలు చూసేకి బెంగుళూరికి పోతారారా, ఇంట్లో తొక్కుకుంటా తిరుగుతాండాం గదా" అనింది. మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు, అక్కడే హనుమంతనగర్‌లో రూము తీసుకుని ఉంటాడు, వాడు ఫోన్లో "పెద్దమ్మా, ఊరికే రా, బసవన్న దర్శనం కూడా అయితాది" అని ఒకటే నస. బసవన్న పేరు చెప్పినాక ఒప్పుకునింది.

కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో జరిగేదే ఈ కడలేకాయి పరిషె, అంటే కన్నడలో చెనక్కాయల జాతర. మేం ఆదివారం సాయంత్రం బస్సు దిగి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కినాం, నేషనల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటో. ఆటోవాడు ఎంత అడిగినాడో చెప్తే మా అమ్మ ఇప్పటికీ బాధపడతాది, వదిలేద్దాం.

ఇంతా చేసి నేను మర్చిపోయిన విషయం ఒకటుంది. కార్తీక సోమవారం మా అమ్మకి ఉపవాసం, సాయంత్రం చుక్క కనపడేదాకా కాఫీ తప్ప ఏం ముట్టదు. నేనేమో బసవనగుడిలో ఏమేం తినాలో ఫోన్లో పెద్ద లిస్టు రాసి పెట్టుకున్నా.

సోమవారం పొద్దున శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్. 1965 నుంచి ఉందంట, మెనూ చూస్తే నవ్వొస్తాది, ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, కాఫీ, టీ, దాదాపు అంతే. సాంబార్ అడగొద్దు, లేదు. చట్నీ మాత్రం ఎన్నిసార్లు పోయించుకున్నా ఏమనరు, జనాలు ప్లేటు చేతిలో పట్టుకుని ఫుట్‌పాత్ మీద నిలబడి ఇడ్లీని చట్నీలో ముంచేసి తింటుంటారు, కార్లలో వచ్చినోళ్ళు కూడా అంతే. ఆ చట్నీ గురించి ఒక్క మాట, మన చట్నీ లాగా గట్టిగా ఉండదు, పల్చగా జారుతుంటాది, మొదట్లో ఇదేంది అనుకున్నా, మూడోసారి పోయించుకునేటప్పుడు నోరు మూసుకున్నా. మా అమ్మ ఒక పక్కన అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతా మమ్మల్నే చూస్తాంది. తల్లి పస్తుంటే ఎదురుగా వడ తినడం అంత సులభం కాదు గానీ, రెండు తిన్నా. మా తమ్ముడు "అన్నా బై టూ కాఫీ చెప్దామా" అన్నాడు, ఒక కాఫీని ఇద్దరు పంచుకోవడం అక్కడ మామూలే, అడిగితే ఎవరూ వింతగా చూడరు.

మధ్యాహ్నం రూములో పడుకుని మూడున్నరకి పరిషెకి బయల్దేరినాం. రామకృష్ణ ఆశ్రమం సర్కిల్ దగ్గరికి రాగానే ఇంక బండ్లు లేవు, బుల్ టెంపుల్ రోడ్డంతా మనుషులే, రెండు పక్కలా చెనక్కాయల కుప్పలు. పచ్చివి, ఉడకబెట్టినవి, వేయించినవి, చిన్నవి, లావువి, ఎర్ర గింజవి. మధ్యలో బొరుగులు, బత్తాసులు, గాజులు, బొమ్మలు, ఇంకా చెవి దగ్గరికొచ్చి పీపీ బూరలు ఊదే కుర్రోళ్ళు (వాళ్ళని ఏమీ చెయ్యలేం, నేను ట్రై చేసినా). ఉడకబెట్టిన కాయల ఆవిరి, నూనె దీపాల వాసన, జనం చెమట అన్నీ కలిసి మా ఊరి జాతర లాగానే అనిపించింది, కాకపోతే ఇక్కడ డబ్బులు ఫోన్ స్కాన్ చేసి ఇస్తాండారు.

మా అమ్మ మొదటి కుప్ప దగ్గరే ఆగిపోయింది. ఒక కాయ తీసుకుని చెవి దగ్గర పెట్టి ఊపింది, పగలగొట్టింది, గింజ పైన పొట్టు గోటితో గీకింది, వాసన చూసింది. నోట్లో మాత్రం వేసుకోలేదు, ఉపవాసం కదా. "నువ్వు తిని చెప్పురా" అని నా నోట్లో పెట్టింది. తియ్యగా ఉందన్నా. "లేపాక్షి రకం మాదిరి ఉంది" అని ఆమె తీర్పు. మా దగ్గర కదిరిలో వేరుశనగ పరిశోధన స్థానం ఉంది కాబట్టి మా అమ్మ లాంటోళ్ళు కదిరి-6, లేపాక్షి అని రకాల పేర్లు సొంత పిల్లల పేర్లు చెప్పినట్టే చెప్తారు. అమ్మే ఆమె మా మాటలు విని తెలుగులో అందుకునింది, "యా ఊరమ్మా మీది" అని. వాళ్ళది చింతామణి వైపంట, ఇంట్లో తెలుగే. ఇంక చూడాల, ఇద్దరూ వానలు, కూలీల రేట్లు, అడవిపందులు అన్నీ మాట్లాడుకున్నారు, వెనకాల జనం తోస్తా ఉంటే నేనూ మా తమ్ముడూ గోడలాగా అడ్డం నిలబడినాం. అంత స్నేహం అయినాక కూడా సేరుకి అరవై అంటే మా అమ్మ నలభైకి అడిగింది. యాభైకి తెగింది, రెండు సేర్లు తీసుకునింది.

గుడి కథ కూడా చెనక్కాయలదే. చుట్టుపక్కల పల్లెల్లో చెనక్కాయ వేసేవాళ్ళంట, రాత్రుళ్ళు ఒక ఎద్దు వచ్చి పంటంతా మేసిపోతా ఉంటే రైతులు ఇక్కడ బసవన్నకి గుడి కట్టించి తొలి పంట సమర్పిస్తామని మొక్కుకున్నారంట. 1537లో కెంపేగౌడ కట్టించిన గుడి అని చెప్తారు. మా తమ్ముడు ఇదంతా చెప్తే మా అమ్మ "మన చేన్లో పందులు పడి తింటాండాయి, వాటికి కూడా గుడి కట్టాలేమో" అనింది. లైన్లో ముందున్నోళ్ళు కూడా నవ్వినారు, తెలుగు రానోళ్ళు ఆ ఏరియాలో తక్కువే అనుకుంటా.

లోపల నల్లటి ఏకశిల బసవన్న, పదిహేను అడుగుల దాకా ఎత్తు, తల ఎత్తి చూడాల్సిందే. ఒంటి నిండా నూనె మెరుస్తాంది. మా అమ్మ దండం పెట్టుకుని బయటికొచ్చి మెల్లగా, ఎవరికీ వినపడకుండా, "పొడుగులో మన లేపాక్షి బసవన్నే పెద్దోడు" అనింది. కింద దొడ్డ గణపతిని చూసుకుని పక్కనే బ్యూగుల్ రాక్ మీద కూర్చున్నాం, పెద్ద బండరాళ్ళు, చెట్ల నిండా గబ్బిలాలు. అక్కడే చుక్క కనపడింది. సిటీ లైట్లలో అది నిజంగా చుక్కనో విమానం లైటో నాకు డౌటే, చెప్పలేదు.

ఇంక రాత్రి వీవీ పురం తిండి బీది. సజ్జన్ రావు సర్కిల్ పక్కన ఒక్క వీధి, అంతే, కానీ సాయంత్రం నుంచి కాలు పెట్టే చోటు ఉండదు. పెనాల మీద అక్కి రొట్టెలు, పడ్డు (మన గుంతపొంగణాలే), దోసెలు, ఐస్‌క్రీమ్‌తో గుల్కంద్. ఉపవాసం విడిచేటప్పుడు మా అమ్మకి ఉల్లిపాయ కూడదు, సగం వీధి అక్కడే కట్ అయిపోయింది. కానీ హోళిగె ఉంది కదా, మనం ఓళిగ (బొబ్బట్టు) అంటాం, పెనం మీద నుంచి వేడిగా తీసి నెయ్యి పోసి ఇస్తాడు. బేళె (పప్పు) ఓళిగ ఒకటి, కాయి (కొబ్బరి) ఓళిగ ఒకటి తినింది. "పూర్ణం బాగుంది, పైన పిండి కొంచెం మందం" అనింది. మా అమ్మ నోటి నుంచి అది ఐదుకి నాలుగున్నర స్టార్లు.

నేను వీబీ బేకరీకి పోయి కాంగ్రెస్ కడలేకాయి కొన్నా, రెండు బద్దలుగా చీల్చి కారం, మసాలా పట్టించిన చెనక్కాయ గింజలు. 1969లో కాంగ్రెస్ రెండుగా చీలినప్పుడు ఆ పేరు వచ్చిందని ఒక కథ. మా అమ్మకి ఇస్తే "చెనక్కాయకి కూడా పార్టీలా" అని ప్యాకెట్ మొత్తం ఖాళీ చేసింది.

మంగళవారం పొద్దున గాంధీ బజార్‌లో విద్యార్థి భవన్. 1943 నాటిది, పేరు రాయించుకుని బయట ముప్పావుగంట నిలబడినాం. సర్వర్ ఒక చేతి మీద దోసె ప్లేట్లు మోచేయి దాకా పేర్చుకొచ్చినాడు, మా అమ్మ దోసె కంటే ఆ చేతినే ఎక్కువ చూసింది. దోసె పైన కరకర, లోపల మెత్తగా, నెయ్యి బాగానే ఉంటాది, ఒకటి చాలు. శుక్రవారం మాత్రం సెలవు, చూసుకుని పోండి.

ఇంటికొచ్చినాక మా నాయన సంచి విప్పి చూసి ఏమీ అనలేదు, ఒకసారి వసారాలో మూటల వైపు, ఒకసారి నా వైపు చూసినాడు, అంతే. మా అమ్మ ఆ రెండు సేర్లలో నుంచి బాగా ఎండిన కాయలు ఏరి, ఒక చిన్న గుడ్డలో మూటకట్టి, చింతామణి అని పెన్నుతో రాయించింది నాతో. జూన్‌లో వాన పడితే చేను గట్టు పక్కన ఒక సాలు వేసి చూస్తాదంట.