ఈ వారం సినిమాలు విన్నాను

పోయిన శనివారం అమ్మ కుడికంటి శుక్లం తీశారు. ఆపరేషన్‌కు అరగంట కూడా పట్టలేదు. ఆ తర్వాతి వారం రోజులే మా ఇంటిల్లిపాదికీ పరీక్ష అయింది. "వారం పాటు టీవీ, ఫోను తగ్గించండి" అన్నారు డాక్టరు. విశాఖ మురళీనగర్‌లో మా ఇంటి దగ్గర ఆటో దిగేసరికి మా ఆవిడ ఆ మాటను "అసలు చూడకూడదు" అని సవరించేసింది. రోజుకు ఆరుసార్లు చుక్కల మందు, తలస్నానం లేదు, వంగకూడదు, వంటింటి గడప తొక్కకూడదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పడక కుర్చీలో కూర్చున్న అమ్మ దీపాలు పెట్టే వేళకల్లా "నన్ను విజయనగరం బస్సు ఎక్కించెయ్యి" అనడం మొదలుపెట్టింది.

అమ్మకు డెబ్బై రెండేళ్ళు. రోజుకో సినిమా పడకపోతే ఆవిడకు అన్నం తిన్నట్టు ఉండదు. సీరియళ్ళంటే గిట్టదు. "ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికే వాళ్ళకు అరగంట పడుతుంది" అంటుంది. నాకు సినిమా పిచ్చి ఎవరి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతుంటే తట్టింది. నా చిన్నప్పుడు ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం అని వచ్చేది. రెండున్నర, మూడు గంటల సినిమాను గంటలోకి కుదించి, మాటలూ పాటలూ వినిపించేవారు. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, నేను నేల మీద బోర్లా పడుకుని వినేవాళ్ళం. అలా విన్న సినిమాలను చూసినట్టే బడిలో చెప్పుకునేవాడిని. తర్వాతెప్పుడో అసలు సినిమా చూసి ఉసూరుమన్న సందర్భాలూ ఉన్నాయి. నేను ఊహించుకున్న మేడకు ఇంకా ఎక్కువ మెట్లుండేవి.

డాక్టరు చూడవద్దన్నారు గానీ వినవద్దనలేదు కదా! మా ఆవిడ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. మా అమ్మాయి తన బ్లూటూత్ స్పీకరును నానమ్మ కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టింది. లాప్‌టాప్ నా ఒళ్ళో, తెర నా వైపు. ఏ సినిమా కావాలని అడగడం అనవసరం. మాయాబజార్.

1957 నాటి ఆ సినిమాను నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, వినడం మాత్రం ఇదే మొదటిసారి. విన్నాక ఒక సంగతి తెలిసింది. ఆ సినిమాలో ఎవరు ఎవరితో మాట్లాడినా పేరో వరసో పెట్టి పిలుస్తారు. తెర చూడకపోయినా గదిలో ఎవరున్నారో, ఎవరు లోపలికి వచ్చారో తెలిసిపోతుంది. పైగా ఎస్వీ రంగారావు, సీయస్సార్ వంటివారు నాటకాల్లోంచి వచ్చినవాళ్ళు. చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా మాట అందాలన్న పట్టుదల వాళ్ళ గొంతులో ఉంది. సీయస్సార్ శకుని మాట విరిచే తీరులోనే పాచికలు దొర్లుతున్నట్టుంటుంది.

ఇక మాయాశశిరేఖ. "అహ నా పెళ్ళియంట" పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరి ఘటోత్కచుణ్ణి బయటపెట్టేస్తుంది. చూసేటప్పుడు మన కళ్ళన్నీ సావిత్రి నడక మీదే ఉంటాయి కాబట్టి ఆ గొంతు మారడాన్ని అంతగా పట్టించుకోం. కళ్ళు మూసుకుంటే నవ్వంతా అక్కడే ఉంది.

అన్నిటికంటే తమాషా "వివాహభోజనంబు" దగ్గర జరిగింది. మాధవపెద్ది సత్యం పాడుతున్నారు. లడ్డూలు గాల్లో లేచి నోట్లోకి వెళ్ళే చోట వినడానికి ఏముంటుంది? అమ్మ కళ్ళద్దాల వెనుక నుంచి నాకు చెప్పడం మొదలుపెట్టింది. "ఇదిగో, ఇప్పుడు లడ్డూలు లేస్తున్నాయి... ఇప్పుడు మూతి తుడుచుకుంటాడు." తెర నా వైపుంది, చెబుతున్నది ఆవిడ. ఒకటి రెండు చోట్ల ఆవిడ లెక్కకూ బొమ్మకూ కొంచెం తేడా వచ్చింది. నేను దిద్దలేదు. ఆవిడ చెప్పిందే బాగుంది.

సినిమా అయ్యాక ఘంటసాల ప్రస్తావన వచ్చింది. మా ఇంట్లో ఎప్పుడైనా వస్తుంది. ఆయన విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర చదువుకుంటూ మధూకరం చేసి కడుపు నింపుకున్న రోజుల గురించి అందరికీ తెలుసు. ఆ ఊళ్ళో ఏ పెద్దవాళ్ళను కదిపినా ఆయన జోలెలో ముద్ద వేసింది తమ ఇంట్లోవాళ్ళేనంటారు. మా తాతమ్మ కూడా వేసిందట. అందరూ చెప్పేది నిజమే అయితే ఆయన నిలువునా లావెక్కి ఉండాలి.

సోమవారం నాకు కొంటె ఆలోచన వచ్చి పుష్పక విమానం పెట్టాను. ఆ సినిమాలో మాటలు లేవు. అయిదు నిమిషాలు ఓపిక పట్టి అమ్మ, "సౌండు పెట్టావా?" అంది. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తింది. ఆపేద్దామనుకున్నాను గానీ ఆపలేకపోయాను. 1987లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాలో ఉద్యోగం లేని కుర్రవాడు సినిమా హాలు పక్కన లాడ్జిలో ఉంటాడు. తర్వాత పెద్ద హోటల్లో మెత్తటి మంచం మీద పడుకుంటే నిద్ర పట్టదు. ఆ హాల్లోంచి వచ్చే ఫైటింగు చప్పుళ్ళను టేపు మీద రికార్డు చేసి తెచ్చుకుని, తలగడ పక్కన పెట్టుకుని నిద్రపోతాడు. చెవికి అలవాటైన రొద ఎంత అవసరమో మాట లేకుండా చెప్పిన సన్నివేశం అది. మాది రైలు పట్టాలకు దగ్గర ఇల్లు. విజయనగరం వెళ్ళినప్పుడల్లా ఆ నిశ్శబ్దంలో నాకు రెండు రోజులు నిద్ర పట్టదు.

మంగళవారం పోర్టు దగ్గర ఆఫీసులోనే పొద్దుపోయింది. ఒక కంటైనర్ కాగితాల్లో ఒక్క అంకె తప్పు పడి, ఇల్లు చేరేసరికి పది దాటింది. అమ్మ నన్ను పలకరించలేదు.

ఆ అలక తీర్చడానికి బుధవారం దానవీరశూర కర్ణ పెట్టాల్సి వచ్చింది. 1977 నాటిది, దాదాపు నాలుగు గంటలు. ఎన్టీఆర్ తానే దర్శకత్వం వహించి కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ వేశారు. కళ్ళు మూసుకుంటే మూడు పాత్రలకు ఉన్నది ఒకే గొంతు, ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది అనుకున్నాను. ఇట్టే తెలిసింది. సుయోధనుడు పదాన్ని నోట్లోనే కాసేపు తిప్పి, రుచి చూసి వదులుతాడు. కృష్ణుడు మాట చివర చిరునవ్వు ఉంటుంది, అది వినిపిస్తుంది. కర్ణుడి దగ్గర గొంతు కాస్త బరువెక్కుతుంది. కొండవీటి వెంకటకవి రాసిన మాటలను అమ్మ ఎన్టీఆర్ కంటే అర క్షణం ముందు అంటోంది. విజయనగరంలో పైడితల్లి సిరిమాను సంబరాలకు మైకుల్లో విని విని నోటికి వచ్చేశాయట. నేను మాత్రం సగానికి కాస్త అటూఇటూగా నిద్రపోయాను. లేచి చూస్తే సినిమా అయిపోయింది, అమ్మ మందు చుక్కల కోసం ఎదురుచూస్తోంది. ఈ నిద్ర సంగతి ఆవిడ ఇప్పటికి నలుగురు చుట్టాలకు ఫోనులో చెప్పింది.

పాతవే వింటున్నాం, కొత్తవి చెవికి ఎలా ఉంటాయో చూద్దామని గురువారం కేరాఫ్ కంచరపాలెం పెట్టాను. మాకు పక్క ఊరు, ఊరనడం కూడా తప్పే, పక్క వీధుల్లాంటివి. 2018లో వచ్చిన ఈ సినిమాలో కంచరపాలెం మనుషులే ఎనభైకి పైగా నటించారు. మాటలను చిత్రీకరణ జరుగుతుండగానే రికార్డు చేశారు. అందువల్ల ఒక మనిషి మాట్లాడుతుంటే వెనుక వీధి కూడా వినిపిస్తుంది. మధ్యలో రైలు కూత వినిపించింది. సినిమాలోనిదా, మా లైనుదా అని ఇద్దరం ఒకేసారి తల తిప్పాం. తేల్చుకోలేకపోయాం.

ఆఫీసరు రాధ నోరు విప్పగానే అమ్మ, "ఈ అమ్మాయి పర్లాకిమిడి వైపు మనిషిరా" అంది. కథలో ఆమెది ఒడిశానే. మా విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళ చెవులకు ఒడియా తగిలిన తెలుగు వెంటనే తెలిసిపోతుంది. ఆ యాసను వెక్కిరింతకు వాడుకోకుండా ఒక పెద్దమనిషి గొంతుగా వాడుకున్నందుకు ఆ సినిమా అంటే నాకు గౌరవం. చివర్లో తెలిసే విషయం ఇక్కడ రాయను. అమ్మ మాత్రం సగంలోనే కనిపెట్టేసింది. మనుషులు కనిపించకపోవడం వల్లే కనిపెట్టిందని నా అనుమానం.

శుక్రవారం నా రోజు. కొత్త సినిమా మొదటి రోజు చూడకపోతే నాకు వారం పూర్తికాదు. ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళాను. జగదాంబ జంక్షన్‌లో బస్సు దిగితే చాలు నాకు ఒంట్లో నలత పోతుంది. సినిమా హాలు పేరే కూడలి పేరైపోయిన చోటు అది. బస్సు కండక్టరు రోజుకు వందసార్లు ఆ పేరు పిలుస్తాడు. ఈసారి వెళ్ళింది మాత్రం వేరే హాలుకు. ఏ హాలో, ఏ సినిమానో చెప్పను. అది ఇంకా ఆడుతోంది, వాళ్ళ పొట్ట నేనెందుకు కొట్టాలి?

వారం అలవాటు కదా, పాటయ్యాక ఓ పది నిమిషాలు కళ్ళు మూసుకున్నాను. ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు. అసలు మాట్లాడుతున్నారని తెలియడమే కష్టమైంది. మాట మొదలయ్యే చోట డప్పులు, మాట పూర్తయ్యే చోట అరుపులు. తండ్రి చావుబతుకుల్లో ఉండి చెప్పే మాటలు కూడా వయొలిన్ల కింద పడి నలిగిపోయాయి. పాత సినిమాలకు ఉన్నదల్లా ఒక్క ట్రాకు. మాట వచ్చేటప్పుడు సంగీతం తగ్గకపోతే రెండూ కలిసి ముద్దయిపోతాయి కాబట్టి తగ్గించేవారు. ఇప్పుడు చుట్టూ స్పీకర్లున్నాయి, ఎవరూ ఎవరికీ దారి ఇవ్వడం లేదు. ఇంతలో పక్క సీటాయన నా భుజం తట్టి, "నిద్ర వస్తే ఇంట్లో పడుకోవచ్చు కదండీ" అన్నాడు. చెప్పుకుంటే ఇంకా వింతగా ఉంటుందని ఊరుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు బీచ్ రోడ్డు మీదుగా నడిచి, పొట్లం మురీ మిక్స్చర్ కొనుక్కుని తిన్నాను. సాయంత్రానికి దక్కిన లాభం అదొక్కటే.

కాళీమాత గుడి దాటాక కురుసుర కనిపించింది. 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి, మరుసటి ఏడాది నుంచి ఇసుక ఒడ్డున మ్యూజియంగా ఉంది. దాన్ని చూడగానే శనివారానికి సినిమా దొరికింది. 2017లో వచ్చిన ఘాజీ.

నిజానికి అది చెవుల సినిమా. నీటి అడుగున ఉన్నవాళ్ళకు ఏమీ కనిపించదు, వినే మనిషి చెప్పిందే ఆధారం. నీటిలో శబ్దంతో జాడ పట్టే సోనార్ టంగుమన్న ప్రతిసారీ అమ్మ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. పేలుడు అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా చెప్పని సంగతి చెప్పింది.

1971 డిసెంబరులో అమ్మకు పద్దెనిమిదేళ్ళు. పెద్దమ్మ కాన్పయి అత్తగారింటికి వచ్చాక, పసిబిడ్డకు సాయంగా అమ్మను వన్‌టౌన్‌కు పంపారు. యుద్ధం రోజులు, ఊరంతా దీపాలు ఆర్పేసేవారు. పిల్లవాడికి పాలు పట్టడానికి గుడ్డి దీపం వెలిగించి చుట్టూ దుప్పటి పట్టుకునేవారట. మూడో తారీఖు రాత్రి, అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పెద్దమ్మ బిడ్డను గుండెలకు హత్తుకుని మంచం కిందకు దూరింది. అమ్మకు కాళ్ళు కదలలేదట. "ఏమీ కనబడలేదురా. కిటికీ తీసినా చీకటే. తెల్లారేదాకా అలాగే చెవులు రిక్కించి కూర్చున్నాం, ఇంకోటి వస్తుందేమోనని." పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందన్న సంగతి తర్వాత తెలిసింది. మన నౌకాదళం లెక్క ప్రకారం దాన్ని ముంచింది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్, పాకిస్తాన్ మాత్రం దానంతట అదే పేలిందంటుంది. సినిమాలో మన జలాంతర్గామి చేసే పోరాటం కల్పన.

"సినిమాలో చప్పుడు బాగానే ఉంది గానీ, ఆ తర్వాత అంత సంగీతం లేదు" అంది అమ్మ.

నేను లాప్‌టాప్ మూసేశాను. మా అమ్మాయి వచ్చి నానమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆ రోజు ఇంకే సినిమా పెట్టలేదు.

ఈ రోజు పొద్దున్న కంటి పరీక్ష అయింది. అంతా బాగుందన్నారు, టీవీ చూసుకోవచ్చన్నారు. అమ్మ కళ్ళద్దాలు తీసి మొదట చూసింది టీవీని కాదు, నన్ను. "జుట్టు ఇంత నెరిసిందేమిటిరా?" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెనుక గోడ మీద నూనె మరకలున్నాయని చెప్పింది. మా ఆవిడ మొహం నేను చూడలేదు.

ఎడమకంటికి వచ్చే నెల రమ్మన్నారు. ఆ వారం వినాల్సిన సినిమాల జాబితా అమ్మ ఇప్పటికే మా అమ్మాయి చేత రాయించింది. మొట్టమొదటిది దానవీరశూర కర్ణ. ఈసారి నేను కుర్చీలో కాదు, పీట మీద కూర్చోవాలట.