హంస దమయంతి నకలు: ముఖం పూర్తయింది, చీర మిగిలింది

రాజా రవివర్మ 1899లో చిత్రించిన ‘హంస దమయంతి’లో నడుము పైభాగాన్ని మాత్రం తీసుకొని, 16×20 అంగుళాల కాన్వాసు మీద తైలవర్ణాలతో నకలు వేస్తున్నాను. మూలచిత్రం తిరువనంతపురంలోని శ్రీచిత్ర ఆర్ట్ గ్యాలరీలో ఉంది. నా ఎదుట ఉన్నది అచ్చు ప్రతి కనుక రంగుల విషయంలో దానిని పూర్తిగా నమ్మడం లేదు.

గళ్లు గీసి బొమ్మ దించుకోవడం, రా అంబర్ అనే మట్టి గోధుమరంగులో పలుచన చేసే టర్పెంటైన్ కలిపి నీడలు పలుచగా పరచడం త్వరగానే ముగిశాయి. కాలమంతా ముఖానికే పట్టింది. మేనిఛాయకు ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), తెలుపు, చిటికెడు వెర్మిలియన్ (సింధూరపు ఎరుపు) కలిపాను. నీడలకు రా అంబర్‌లో కాస్త టెర్రా వెర్ట్ (మట్టి ఆకుపచ్చ) చేర్చాను. రవివర్మ కాలంలో వాడుకలో ఉన్న సీసపు తెలుపు కంటే నేటి టైటానియం తెలుపు అడుగు రంగును గట్టిగా కప్పేస్తుంది కాబట్టి, దానిని రంగులు కలిపే కత్తి మొనతో కొద్దికొద్దిగా చేర్చకపోతే చెంప సున్నం కొట్టిన గోడలా పాలిపోతుంది.

దగ్గరగా చూస్తే ఆ చెంపపై వెలుగుకూ నీడకూ మధ్య తేడా చాలా తక్కువ. కంటి కింద గుంట గానీ ముక్కు పక్కన గీత గానీ లేవు. చీర మడతల్లో మాత్రం వెలుగునీడలు నిర్మొహమాటంగా ఉన్నాయి. లోకంలో ఎవరికీ ఉండని ఆ ముఖాన్ని మనచేత నమ్మించేది, చేతికి తగులుతుందేమో అన్నంత నిజంగా వేసిన ఆ చీరేనని నా అభిప్రాయం. (1894లో ముంబయిలో నెలకొల్పిన ముద్రణాలయం నుంచి రవివర్మ బొమ్మలు ఇంటింటి గోడలకూ చేరాయి, మన క్యాలెండర్ లక్ష్మీ సరస్వతులలో నేటికీ ఆ పోలికే కనిపిస్తుంది.)

చెంప అంచును మెత్తబరచడానికి రంగు తడిగా ఉండగానే పొడి కుంచెను అంచు వెంబడి తేలికగా నడిపాను. పై రెప్ప గీతకు నలుపు వాడలేదు. బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు చాలింది.

ఇక చీరకు కాడ్మియం ఎరుపు పరిచి, అది బాగా ఆరాక లిన్‌సీడ్ నూనెలో పలుచన చేసిన అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపును, అడుగు రంగు కనిపించేలా, పైపూతగా వేయాలి. ఆ నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది కనుక నీళ్లలో ముంచి ఉంచుతున్నాను. పైపూత ఆరిన తరువాతే జరీ అంచు మొదలుపెడతాను.