మావయ్య హీలియోస్‌కి పట్టిన బూజు

జూన్ రెండో వారం

మావయ్య బీరువా సర్దుతుంటే పాత జెనిట్ కెమెరా బయటపడింది. "తీసుకుపోరా, లోపల రీలు ఉందేమో చూడు" అన్నాడు. రీలు లేదు గానీ ముందున్న లెన్సు హీలియోస్ 44-2. 58 ఎం.ఎం. ఫోకల్ లెంగ్త్, ఎఫ్/2 ఎపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం), సోవియట్ కాలం నాటిది. తోలు కేసులో ఏళ్ల తరబడి విశాఖ తేమ పీల్చుకుంటూ పడుంది.

పైకి బాగానే ఉంది. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి ఏటవాలుగా వేస్తే అసలు సంగతి తెలిసింది. ముందు అద్దాల మధ్య సాలెగూడు లాంటి తెల్లటి పోగులు. బూజు అనే మాట రెండర్థాల్లోనూ సరిపోయింది.

ఆత్రం కొద్దీ ముందద్దాన్ని చొక్కా అంచుతో తుడిచేశాను. ఇసుక రేణువేదో ఉన్నట్టుంది, రెండు సన్నటి గీతలు పడ్డాయి. అన్నేళ్ల ఫంగస్ చేయని పని నేను రెండు సెకన్లలో చేశాను. ఇప్పుడు ముందు బ్లోయర్ (గాలి ఊదే రబ్బరు బుడ్డి), తర్వాత మెత్తటి బ్రష్, ఇంకా మరక ఉంటేనే గుడ్డ.

జూన్ చివర

విప్పడానికి కూర్చున్నాను. స్క్రూలు కలిసిపోకుండా ఇడ్లీ ప్లేటు పెట్టుకున్నా, విప్పిన వరసలో గుంటకొకటి. ప్లేటుకి చిల్లులుంటాయన్న సంగతి మొదటి స్క్రూ కింద పడ్డాకే గుర్తొచ్చింది. అరగంట నేలమీద పాకి, దొరికాక గుంటల్లో కాగితం ముక్కలు వేశాను. ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీసుకున్నా.

ఇందులో ఆరు అద్దాలు, నాలుగు గ్రూపులుగా ఉంటాయి. ముందొక విడి అద్దం, దాని వెనక రెండు కలిపి అంటించినది. బూజు ఈ రెండు గ్రూపుల మధ్యే ఉంది కాబట్టి ఎపర్చర్ రేకుల జోలికి, ఫోకస్ మరల జోలికి పోలేదు. ఫోకస్ మర ఊడొస్తే మళ్లీ సరైన చోట ఎక్కించడం పెద్ద టెన్షన్.

మెడికల్ షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది తడిపి, పిండి, అద్దం మీద రెండు మూడు నిమిషాలు ఉంచాను. తర్వాత డిస్టిల్డ్ వాటర్ తడితో ఒకసారి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి, మధ్య నుంచి అంచుకి గుండ్రంగా తుడిచాను. అంచుల దగ్గర చేయి ఆపాలి. అక్కడి నల్ల రంగు ఆల్కహాల్‌కి కరిగి అద్దం మీదకి పాకుతుంది. అంటించిన అద్దాన్నైతే ద్రవంలో అసలు నానబెట్టకూడదు.

పోగులన్నీ పోయాయి. ఒకచోట మాత్రం వాటి ఆకారం మచ్చలా మిగిలింది. ఫంగస్ వదిలే ఆమ్లం అక్కడ అద్దం మీది పల్చటి పూతని, అంటే కోటింగ్‌ని తినేసింది, అది ఇక పోదు.

బిగించాక చూస్తే లోపల ఒక నూలుపోగు. మళ్లీ విప్పాను. తర్వాత ఇంకో దుమ్ము చుక్క కనిపించింది, దాన్ని వదిలేశా. అంత చిన్నది ఫొటోలో కనిపించదు. కిటికీకి ఎదురుగా తీసి చూస్తే ఇదివరకు ఫొటోలో కనిపించే తెల్లటి పొగ చాలావరకు తగ్గింది.

జూలై

తోలు కేసు బయట పడేశాను, అది తేమని పట్టి ఉంచుతుంది. గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ 200 గ్రాములు, గాలిలో తేమ శాతం చూపించే చిన్న హైగ్రోమీటర్. మొదటి సాయంత్రం 78 శాతం చూపించింది, తెల్లారేసరికి 46. నేను 40, 50 మధ్య ఉంచుతున్నాను. బాగా ఎండగడితే లోపలి గ్రీజుకి మంచిది కాదంటారు. జెల్ గింజలు నారింజ నుంచి ఆకుపచ్చకి తిరిగితే పాత మూకుడులో సన్నని సెగ మీద రంగు తిరిగొచ్చేదాకా వేయించాలి. ఆ మూకుడు ఇక వంటింట్లోకి రాదు, అమ్మతో ఒప్పందం అయింది. బియ్యం డబ్బాలో పెట్టమని ఒకరు చెప్పారు గానీ ఆ పిండి దుమ్ము లెన్సులోకి పోతే మళ్లీ ఇడ్లీ ప్లేటే గతి.

నిన్న ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. ఉప్పు తుంపర ఆల్కహాల్‌కి సరిగ్గా కరగదు. ఇంటికి రాగానే బ్లోయర్ కొట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన గుడ్డ అద్దం మీద ఆనించి ఎత్తాను, రుద్దలేదు. తడి ఆరాక డబ్బాలో పెట్టాను. ఈ ఉదయం 44 ఉంది. వచ్చే ఆదివారం మావయ్యని కూర్చోబెట్టి అదే లెన్సుతో ఫొటో తీయాలి.