సున్నం పొరలు

"పక్కకి జరగండమ్మా, పెచ్చులు పడతాయి" అన్నాడు మేస్త్రీ. నాకు కదలబుద్ధి కాలేదు.

విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో పాత ఇంటి గోడ గీకుతున్నారు. తెల్ల సున్నం కింద నీలం, దాని కింద పసుపు, ఆ కింద ఎర్ర ఇటుక. ఓ మూల అచ్చం ముసలమ్మ చెంపలా ఊడింది.

వెంటనే పోర్చుగల్ కళాకారుడు విల్స్ గుర్తొచ్చాడు. 1987లో పుట్టినవాడు. గోడకి రంగులద్దడమే కాదు, ఉలితో, డ్రిల్‌తో, ఒక్కోసారి చిన్న పేలుళ్లతో పెచ్చులూడగొట్టి మామూలు మనుషుల ముఖాలు బయటికి తీస్తాడు. ఎంత గొప్ప ఆలోచనో!

మా మామ్మ ఏటా పైడితల్లమ్మ పండగకి ముందు ఇలాగే నీలం కలిపిన సున్నం వేయించేది. ఆ ఇల్లు కొట్టేసినప్పుడు నేను ఊళ్లో లేను.

ఇవాళ మేస్త్రీని అడిగి అరచేయంత నీలం పెచ్చు తెచ్చుకున్నా. వేళ్లకి సున్నం ఇంకా అంటుకునే ఉంది.